బ్యాటరీ ఆయువు పొరలో ఉంది

ఒకే రోజున కొన్న రెండు ఫోన్లలో ఒకటి రెండేళ్లు తిరక్కుండానే మధ్యాహ్నానికి ఛార్జరు అడుగుతుంది, రెండోది నాలుగేళ్లయినా సాయంత్రం దాకా నెట్టుకొస్తుంది. ఎందుకీ తేడా అని అడిగితే సాధారణంగా వినిపించే జవాబులు రెండు. రాత్రంతా ఛార్జింగులో వదిలేశారని ఒకటి, కంపెనీ నాసిరకం సరుకు వేసిందని మరొకటి. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. అయితే రెండూ అసలు సంగతిని తాకవు. లిథియం అయాన్ బ్యాటరీ గాలి చొరకుండా సీలు వేసిన పొట్లం. లోపలి లిథియం ఆవిరైపోదు, కారిపోదు. 5000 మిల్లీ ఆంపియర్ అవర్లని ముద్రించిన బ్యాటరీ కొన్నేళ్లకు 4000 మాత్రమే ఇస్తోందంటే, తగ్గిన ఆ 1000 ఎక్కడికి పోయినట్టు?

ఎక్కడికీ పోలేదు. అందులో ఎక్కువ భాగం ఆ పొట్లంలోనే, ఋణ ఎలక్ట్రోడ్ ఉపరితలాన్ని అంటుకున్న ఒక పలుచటి పొరలో, ఇక ఎన్నటికీ కదలని లవణాలుగా చిక్కుకుని ఉంది. ఎలక్ట్రోడ్ రేణువులు పగలడం వంటి కారణాలూ ఉంటాయి గానీ, మామూలు వాడకంలో ప్రధానమైన నష్టం ఈ చిక్కుబడటమే. అందుకే ఈ అధ్యాయం ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. బ్యాటరీ ఎంత శక్తిని పట్టుకోగలదో ఎలక్ట్రోడ్లు తేలుస్తాయి. ఎన్నాళ్లు పట్టుకోగలదో మాత్రం, వాటి మధ్య పోసిన ద్రవంలో నూటికి ఒకటి రెండు పాళ్లు కలిపే చేర్పు పదార్థాలు చాలావరకు తేలుస్తాయి. బ్యాటరీల మీద మన పత్రికల్లో వచ్చే రాతలు ఎక్కువగా కోబాల్ట్, నికెల్, లిథియం గనుల చుట్టూ తిరుగుతాయి. ఆ చర్చ అవసరమే. చేర్పులను వదిలేస్తే మాత్రం బ్యాటరీ గురించి సగమే చెప్పినట్టు.

ముందు పనితీరు క్లుప్తంగా చూద్దాం. ఛార్జింగు పెట్టినప్పుడు ధన ఎలక్ట్రోడ్‌లోని లోహపు ఆక్సైడ్ నుంచి లిథియం అయాన్లు బయటికొచ్చి, ద్రవం గుండా ప్రయాణించి, అవతల ఋణ ఎలక్ట్రోడ్‌గా ఉన్న గ్రాఫైట్ పొరల సందుల్లో సర్దుకుంటాయి. ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా అక్కడికే చేరతాయి. ఫోను వాడుతున్నప్పుడు రెండూ వచ్చిన దారినే వెనక్కి వెళ్తాయి. మధ్యలో ఉండే ద్రవమే ఎలక్ట్రోలైట్: అయాన్లకు దారి ఇవ్వాలి, ఎలక్ట్రాన్లను అడ్డుకోవాలి. అటూ ఇటూ తిరగగల లిథియం ఎంత ఉందో బ్యాటరీ సత్తా అంత. ఇప్పుడు చిన్న లెక్క. ఒక్కో ఛార్జింగుకు తిరిగే లిథియంలో వెయ్యో వంతు చిక్కుకుపోతుందనుకోండి. వినడానికి లెక్కలోకి రానంత నష్టం. వెయ్యి ఛార్జింగులయ్యేసరికి మొదట ఉన్నదాంట్లో 37 శాతమే మిగులుతుంది. నష్టం పదివేలలో ఒక వంతుకు తగ్గితే అదే వెయ్యి ఛార్జింగుల తర్వాత 90 శాతం మిగులుతుంది. ఫోనుకూ పదేళ్లు నడవాల్సిన కారుకూ మధ్య ఉన్న దూరమంతా ఆ దశాంశ స్థానాల్లోనే ఉంది. ఆ స్థానాలను జరపగలిగేవి చేర్పులు.

మొదటి ఛార్జింగులో జరిగేది

నిజానికి లిథియం అయాన్ బ్యాటరీ పనిచేయడమే ఒక వింత. నిండా లిథియం నింపుకున్న గ్రాఫైట్‌కూ శుద్ధ లిథియం లోహానికీ విద్యుత్ పరంగా ఉన్న తేడా దాదాపు 0.1 వోల్టు. లిథియమేమో ఎదురైన ప్రతి అణువుకూ ఎలక్ట్రాన్‌ను అంటగట్టే మూలకం. దాని పక్కన నీళ్లు నిలవవు; నీటిని విడగొట్టడానికి 1.23 వోల్టులే చాలు. ఇన్వర్టరు బ్యాటరీలో అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి రావడం ఈ విడిపోవడం వల్లే. 3.7 వోల్టుల లిథియం అయాన్ సెల్‌లో నీళ్లు ఊసెత్తడానికే లేదు కాబట్టి కార్బనేట్లు అనే కర్బన ద్రావకాలను వాడతారు. వాటిలో లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే లవణాన్ని కరిగిస్తారు. అయితే ఈ కార్బనేట్లు కూడా గ్రాఫైట్ దగ్గర తట్టుకోలేవు. ముఖ్య ద్రావకమైన ఇథిలీన్ కార్బనేట్, లిథియంతో పోల్చి 0.8 వోల్టు దగ్గరే ఎలక్ట్రాన్‌ను పుచ్చుకుని విరగడం మొదలుపెడుతుంది. గ్రాఫైట్ అంతకన్నా చాలా కిందికి, 0.1 దాకా దిగుతుంది. ఈ లెక్కన మొదటి రోజే ద్రవమంతా విరిగిపోయి బ్యాటరీ మూలపడాలి.

అలా జరగకపోవడానికి కారణం ఆ విరిగిన ముక్కలే. మొదటిసారి ఛార్జి చేసినప్పుడు విరిగిన ద్రావకమూ లవణమూ లిథియంతో కలిసి లిథియం కార్బనేట్, లిథియం ఫ్లోరైడ్, కొన్ని కర్బన లవణాలుగా మారి గ్రాఫైట్ మీద పేరుకుంటాయి. ఈ పేరుకున్న పొర లిథియం అయాన్లను పోనిస్తుంది, ఎలక్ట్రాన్లను పోనివ్వదు. ఎలక్ట్రాన్ అందకపోతే ద్రావకం విరగదు. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఇమాన్యుయెల్ పెలెడ్ 1979లో లిథియం లోహం మీద ఏర్పడే ఇలాంటి పొరను ఘన ఎలక్ట్రోలైట్‌లా ప్రవర్తించే మధ్యపొరగా వివరించాడు. మనం దీన్ని సరిహద్దు పొర అనుకుందాం. దీన్ని కట్టడానికి మొదటి ఛార్జింగులోనే సెల్‌లోని లిథియంలో సుమారు 5 నుంచి 10 శాతం ఖర్చయిపోతుంది. ఫ్యాక్టరీలో సెల్‌ను నింపాక మెల్లగా ఛార్జి చేసి, కొన్ని రోజులు వెచ్చగా నిల్వ ఉంచి, అప్పుడు గానీ బయటికి పంపకపోవడం ఈ పొర కోసమే. ఆ దశను ఫార్మేషన్ అంటారు.

కొత్త ఇనుప పెనం సంగతి మన వంటింట్లో అందరికీ తెలిసిందే. నూనె రాసి కాలిస్తే ఆ నూనె వేడికి విరిగి, దాని అణువులు ఒకదానికొకటి అతుక్కుని, ఇనుము మీద నల్లటి నునుపైన పొరగా గట్టిపడుతుంది. అది పట్టేదాకా ఒకటి రెండు అట్లు అంటుకుని పాడవుతాయి. పట్టాక ఏళ్ల తరబడి అదే పెనం అట్టును ఇట్టే వదిలేస్తుంది. ఇనుము ఎంత మేలైనదైనా పొర పట్టకపోతే పెనం పనికిరాదు. పొర పట్టించడానికి నూనె రెండు చెంచాలు చాలు. ఏ నూనె రాశామన్న దాన్ని బట్టి పొర జిగటగానో, పెళుసుగానో, గట్టిగానో వస్తుంది. గ్రాఫైట్ మీద జరిగేదీ ఇలాంటి రసాయనమే: చిన్న అణువులు విరిగి, గొలుసులుగా అతుక్కుని, పొరగా మారడం. ఆ మొదటి పాడైన అట్లు మొదటి ఛార్జింగులో పోయిన లిథియం. ఒక్క చోట పోలిక ఆగిపోతుంది. పెనం మీద పొర లేచిపోతే మళ్లీ నూనె రాసుకోవచ్చు. సీలు వేసిన సెల్‌లో ఆ అవకాశం లేదు. మొదటి రోజు ఏది పోస్తే జీవితమంతా అదే.

రెండు శాతం చేర్పు అంత పెద్ద ఎలక్ట్రోడ్‌కు ఏ మూలకు సరిపోతుందన్న సందేహం న్యాయమైనదే. లెక్క వేసి చూద్దాం. 5000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీకి సుమారు 14 గ్రాముల గ్రాఫైట్ కావాలి. గ్రాముకు ఒక చదరపు మీటరు చొప్పున వేసుకుంటే దాని రేణువుల మొత్తం ఉపరితలం 14 చదరపు మీటర్లు, అంటే దాదాపు 150 చదరపు అడుగుల గది నేలంత. దానంతటి మీదా 20 నానోమీటర్ల మందాన పొర పరిచినా దాని ఘనపరిమాణం ఘన సెంటీమీటరులో మూడో వంతుకు కూడా రాదు. బ్యాటరీలో పోసే ఎలక్ట్రోలైట్ కొన్ని గ్రాములు. అందులో రెండు శాతమంటే గ్రాములో ఐదో వంతో ఆరో వంతో. పొరలో చెప్పుకోదగ్గ భాగాన్ని తనదిగా చేసుకోవడానికి ఆ కొద్దిపాటిదే సరిపోతుంది.

ఒక్క మిథైల్ గుంపు తేడా

పొరను ఖాతరు చేయకపోతే ఏమవుతుందో బ్యాటరీల చరిత్ర స్పష్టంగా చెబుతుంది. లిథియం బ్యాటరీల మీద పనిచేసినవారికి మొదటి నుంచీ ఇష్టమైన ద్రావకం ప్రొపిలీన్ కార్బనేట్. లవణాన్ని బాగా కరిగిస్తుంది, మైనస్ 49 డిగ్రీల దాకా గడ్డకట్టదు. లోపం ఒక్కటే, గ్రాఫైట్‌తో పడదు. అది గ్రాఫైట్ మీద విరిగిపోతుందని 1970లోనే డే, సులివాన్ అనే పరిశోధకులు ప్రకటించారు. లిథియం అయాన్‌తో పాటు ఈ ద్రావకపు అణువులు కూడా గ్రాఫైట్ పొరల మధ్యకు దూరి, అక్కడే విరిగి, వాయువై ఉబ్బి, ఆ పొరలను ఊడదీస్తాయి. దాంతో గ్రాఫైట్ ఎలక్ట్రోడ్‌గా పనికిరాదన్న అభిప్రాయం చాలాకాలం నిలిచింది. జాన్ గుడెనఫ్ బృందం 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో లిథియం కోబాల్ట్ ఆక్సైడ్‌ను ధన ఎలక్ట్రోడ్‌గా చూపించింది. అకిరా యోషినో 1985లో దానికి కర్బనపు ఋణ ఎలక్ట్రోడ్‌ను జోడించాడు. 1991లో సోనీ తొలి లిథియం అయాన్ బ్యాటరీని బజారుకు తెచ్చింది. అయినా ఆ తొలి బ్యాటరీలో గ్రాఫైట్ లేదు. పెట్రోలియం కోక్ అనే, అంత క్రమంగా పేర్చుకోని కర్బనం ఉంది. అది లిథియాన్ని గ్రాఫైట్ కన్నా తక్కువ పట్టుకుంటుంది, కానీ ప్రొపిలీన్ కార్బనేట్‌ను తట్టుకుంటుంది. ద్రవానికి తగ్గట్టు ఎలక్ట్రోడ్‌ను ఎంచుకోవాల్సి వచ్చిందన్నమాట.

మార్గం పక్కనే ఉంది. ఇథిలీన్ కార్బనేట్ అణువుకూ ప్రొపిలీన్ కార్బనేట్ అణువుకూ తేడా ఒక్క మిథైల్ గుంపు, అంటే ఒక కార్బన్, దానికి అంటుకున్న హైడ్రోజన్లు. ఇథిలీన్ కార్బనేట్‌ను చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడానికి కారణం అది 36 డిగ్రీల దగ్గర గానీ కరగకపోవడం. మన మే నెలలో ద్రవమే, మన జనవరిలో గడ్డే. దాన్ని కలిపితే గ్రాఫైట్ ఊడిపోకుండా లిథియాన్ని మళ్లీ మళ్లీ పుచ్చుకుని ఇవ్వగలదని 1990లో ఫాంగ్, ఫాన్ సాకెన్, డాన్ అనే ముగ్గురు కెనడాలోని మోలీ ఎనర్జీ నుంచి ప్రచురించిన పరిశోధన చూపించింది. మంటలంటుకోవడంతో ఆ సంస్థ తన లిథియం లోహపు బ్యాటరీలను అంతకు ముందటేడే, 1989లో, వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అంటే లోహాన్ని వదిలి గ్రాఫైట్‌కు మళ్లాల్సిన అవసరం వారికి కళ్లెదుటే ఉంది. ఇథిలీన్ కార్బనేట్ విరిగితే గట్టి పొర వస్తుంది, ప్రొపిలీన్ కార్బనేట్ విరిగితే రాదు. ఆ పైన డైమిథైల్ కార్బనేట్ వంటి పలుచటి ద్రావకాలను కలిపి గడ్డకట్టే చిక్కును తప్పించారు. నేటికీ ఫోన్ల నుంచి కార్ల దాకా చాలావాటి ద్రవం ఈ మిశ్రమమే.

విరగని ద్రావకాన్నే కనిపెడితే ఈ పొర గొడవ ఉండదు కదా అన్నది రసాయనం తెలిసిన పాఠకుడికి వెంటనే తోచే ఆక్షేపణ. నలభై ఏళ్లుగా వెతుకుతూనే ఉన్నారు. ఈథర్లు ఋణ ఎలక్ట్రోడ్ దగ్గర కార్బనేట్ల కన్నా నిలుస్తాయి, కానీ 4 వోల్టుల దగ్గర ధన ఎలక్ట్రోడ్ వాటి ఎలక్ట్రాన్లను లాగేస్తుంది. అధిక వోల్టేజిని తట్టుకునే ద్రావకాలు కొన్ని ఉన్నాయి, అవి గ్రాఫైట్ దగ్గర ఓడిపోతాయి. రెండు ఒడ్లనూ తట్టుకుంటూ, లవణాన్నీ కరిగించే సాధారణ ద్రావకం ఇంతవరకు చేతికి రాలేదు. 2015లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం, అమెరికా సైనిక పరిశోధనాలయం కలిసి నీటిలో నీటికన్నా ఎక్కువ లవణాన్ని కరిగించి, ఆ ద్రవం దాదాపు 3 వోల్టుల దాకా నిలుస్తుందని చూపించాయి. అక్కడ కూడా నీటిని కాపాడింది లవణం విరిగి కట్టిన పొరే. ఈ ఉదాహరణ నాకు ముఖ్యంగా తోస్తుంది. ద్రావకం ఏదైనా చివరికి పొరను నమ్ముకోక తప్పలేదు.

ముందుగా విరగవలసినది

పొర ఎలాగూ కట్టుకుంటుంది, అయితే దాన్ని దేనితో కట్టాలో మనం ఎంచుకోవచ్చు. చేర్పుల వెనకున్న ఆలోచన ఇదే. ద్రావకం కన్నా ముందే ఎలక్ట్రాన్‌ను పుచ్చుకుని విరిగే పదార్థాన్ని కొద్దిగా కలిపితే, ద్రావకం వంతు వచ్చేసరికి గ్రాఫైట్ మీద దాని పొర పరుచుకుని ఉంటుంది. వీటిలో అన్నిటికన్నా పేరున్నది వినైలీన్ కార్బనేట్. ఇథిలీన్ కార్బనేట్‌కే ఒక జంట బంధం చేరిస్తే అది వస్తుంది. 1990లలో ఫ్రాన్స్‌కు చెందిన సాఫ్ట్ కంపెనీ దీనిమీద పేటెంట్ తీసుకుంది. ఆ జంట బంధం తెగినప్పుడు అణువులు ఒకదానికొకటి గొలుసు కట్టుకుంటాయి. అందుకే దీని పొర ఉత్త లవణపు పొరలా పెళుసుగా ఉండదు, కొంత సాగే గుణం ఉంటుంది. ఛార్జింగు అయినప్పుడల్లా గ్రాఫైట్ సుమారు పదో వంతు ఉబ్బి తిరిగి తగ్గుతుంది. పెళుసు పొరైతే ప్రతిసారీ చిట్లుతుంది, చిట్లిన చోటల్లా కొత్త ద్రావకం విరిగి, కొత్త లిథియం చిక్కుకుంటుంది. మొదట్లో వేసుకున్న వెయ్యో వంతు, పదివేలో వంతు లెక్క ఇక్కడే తేలుతుంది.

వాయువు సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ఇథిలీన్ కార్బనేట్ విరిగినప్పుడు ఇథిలీన్ వాయువు వస్తుంది. మామిడికాయలు పండేటప్పుడు విడిచే వాయువు అదే. వినైలీన్ కార్బనేట్ కలిపిన సెల్‌లో అది బాగా తగ్గుతుంది. పాత ఫోను వీపు ఉబ్బి తెర పైకి లేచిందంటే లోపల ద్రవం విరిగి వాయువులు చేరాయని అర్థం. అలాంటి ఫోనును ఇక ఛార్జి చేయకూడదు, ఉబ్బిన బ్యాటరీకి ఎవరో చెప్పారని సూదితో గాలి తీయనే కూడదు.

ఇంత మేలు చేసేది రెండు శాతమే ఎందుకు, పది శాతం పోయవచ్చు కదా? పోయకూడదు. పొర మందమయ్యే కొద్దీ లిథియం అయాన్లకూ దారి కష్టమవుతుంది. సెల్ అంతర్నిరోధం పెరుగుతుంది, చలిలో మొరాయిస్తుంది, వేగంగా ఛార్జి కాదు. పొర కట్టగా మిగిలిన చేర్పు ఊరికే ఉండక, అధిక వోల్టేజిలో ధన ఎలక్ట్రోడ్ దగ్గర తన వంతు రసాయనం మొదలుపెడుతుంది. చేర్పు విలువంతా సరైన చోట, సరైన వేళ, సరిపడా ఖర్చయిపోవడంలో ఉంది.

ఈ ఖర్చయిపోవడం అన్న గుణమే సిలికాన్ ఎలక్ట్రోడ్ల విషయంలో పెద్ద పరీక్షగా మారింది. గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్లు పట్టుకుంటే సిలికాన్ సుమారు 3580 పట్టుకుంటుంది, దాదాపు పది రెట్లు. కానీ లిథియం నిండినప్పుడు సిలికాన్ రేణువు మూడు నాలుగు రెట్ల పరిమాణానికి ఉబ్బుతుంది. ఏ పొరైనా ఆ ఉబ్బుకు చిరుగుతుంది. అందుకే ఇక్కడ ఫ్లోరోఇథిలీన్ కార్బనేట్‌ను వాడతారు. ఇథిలీన్ కార్బనేట్‌లో ఒక హైడ్రోజన్ స్థానంలో ఫ్లోరిన్ పెడితే వచ్చే పదార్థం ఇది. లిథియం ఫ్లోరైడ్‌నూ సాగే గొలుసు పదార్థాన్నీ కలిపి పొర కడుతుంది కాబట్టి సిలికాన్‌తో నెగ్గుకొస్తుంది. అయితే పొర చిరిగిన ప్రతిసారీ మళ్లీ ఖర్చవుతుంది. 2016లో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో హ్యూబర్ట్ గాస్టైగర్ బృందం ఈ ఖర్చును కొలిచి చూపించింది. చేర్పు మిగిలి ఉన్నంతకాలం సెల్ సత్తా మెల్లగా తగ్గుతూ వస్తుంది. అది అయిపోయిన దగ్గర హఠాత్తుగా కూలుతుంది. నిన్నటిదాకా బాగానే ఉన్న బ్యాటరీ ఉన్నట్టుండి చతికిలబడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఇలాంటి సెల్‌కు మొదటి మూడు నెలల పరీక్ష చూసి పదేళ్ల హామీ ఇవ్వడం చాలా ప్రమాదం.

రెండో ఒడ్డు

ధన ఎలక్ట్రోడ్ దగ్గర సమస్య తిరగబడుతుంది. అక్కడ ద్రావకం నుంచి ఎలక్ట్రాన్లు లాగబడతాయి. పైగా ఎలక్ట్రోలైట్‌లో నీటి తడి ఏమాత్రం ఉన్నా లవణం దానితో కలవడం వల్ల హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. ఆక్సైడ్‌లో మాంగనీసు ఉంటే అది దాన్ని కరిగిస్తుంది, కరిగిన మాంగనీసు అవతలి ఒడ్డుకు చేరి గ్రాఫైట్ మీది పొరను పాడుచేస్తుంది. ఒక ఒడ్డున జరిగిన తప్పుకు రెండో ఒడ్డున శిక్ష పడుతుంది. అందుకే ఒక్క చేర్పుతో సరిపెట్టకుండా రెండు మూడింటిని జోడిస్తారు: గంధకం ఉన్న ఇథిలీన్ సల్ఫేట్, లిథియం డైఫ్లోరోఫాస్ఫేట్, బోరాన్ లవణాలు. వీటిలో లిథియం బిస్ ఆక్సలేటో బోరేట్ అనే లవణం కలిస్తే ప్రొపిలీన్ కార్బనేట్‌లో కూడా గ్రాఫైట్ నిలుస్తుందని 2002లో అమెరికా సైనిక పరిశోధనాలయంలో కాంగ్ షూ బృందం చూపించింది. అంతకు ముప్పై ఏళ్ల ముందు అసాధ్యమని వదిలేసిన జంటను ఒక లవణం కలిపింది. అన్నీ నిరపాయమైనవి అనుకోవద్దు. ప్రొపేన్ సల్టోన్ అనే చేర్పు క్యాన్సర్ కారకమన్న ఆందోళనతో యూరప్ నియంత్రణ జాబితాలో ఉంది. అది పోసే కార్మికుల రక్షణ బ్యాటరీ ఆయువు కన్నా ముందు చూడాల్సిన విషయం.

మంటల మాటేమిటి? 2022 వేసవిలో మన దేశంలో విద్యుత్ స్కూటర్లు వరసగా తగలబడినప్పుడు అందరూ అడిగిన ప్రశ్న ఇదే. మంటను అణచే ఫాస్ఫేట్ చేర్పులు ఉన్నాయి. చిక్కేమిటంటే అవి నిజంగా పనిచేయాలంటే రెండు మూడు శాతం చాలదు, చాలా ఎక్కువ కలపాలి. అంత కలిపితే గ్రాఫైట్ మీది పొర చెడుతుంది. అతిగా ఛార్జి అయినప్పుడు కాపాడే చేర్పులు కొంత నయం. సైక్లోహెక్సైల్ బెంజీన్ వంటివి వోల్టేజి హద్దు మీరగానే ధన ఎలక్ట్రోడ్ మీద గొలుసు కట్టుకుని, వాయువు విడిచి, సెల్ లోపలి పీడనంతో పనిచేసే స్విచ్‌ను తెంపుతాయి. అయినా మంటల బాధ్యతను చేర్పుల నెత్తిన పెట్టడం సరికాదు. సెల్ తయారీలో శుభ్రత, వోల్టేజిని కాపలా కాసే సర్క్యూట్, వేడిని బయటికి పంపే అమరిక చేయాల్సిన పనిని రెండు శాతం ద్రవం చేయలేదు.

కలిపి చూడటమేనా, ఇందులో శాస్త్రం ఉందా?

ఇదంతా చిటికెడు ఇది, చిటికెడు అది వేసి చూడటంలా ఉందని కొందరు తీసిపారేస్తారు. పాతికేళ్ల క్రితం ఆ మాటలో నిజముంది. ఒక్కో మిశ్రమాన్ని పరీక్షించాలంటే బ్యాటరీ చచ్చేదాకా ఏళ్ల తరబడి ఛార్జి చేస్తూ కూర్చోవాలి. ఈ స్థితిని మార్చినవారిలో ముందు చెప్పుకోవలసిన వ్యక్తి జెఫ్ డాన్. 1990 నాటి పరిశోధనలోని మూడో పేరు ఆయనదే. తర్వాత హాలిఫాక్స్‌లోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం లోపలికి వెళ్లిన విద్యుత్తును, బయటికొచ్చిన విద్యుత్తును పదివేలలో ఒకటి తేడా తెలిసేంత నిక్కచ్చిగా కొలిచే పరికరాలను కట్టింది. అంత సూక్ష్మంగా కొలవగలిగితే సెల్ చావు కోసం ఎదురుచూడనక్కర్లేదు. రెండు మూడు వారాల కొలతల్లోనే ఏ చేర్పు లిథియాన్ని ఎక్కువ కాపాడుతోందో వరస తేలిపోతుంది. కొలత కచ్చితమయ్యాక ఊహలను కాదనవచ్చు, అవునని నిలబెట్టవచ్చు. శాస్త్రానికి కావలసింది అదే.

2019లో ఆ బృందం ఒక పరిశోధన పత్రంలో సెల్ నిర్మాణం మొత్తం విప్పి పెట్టింది: ధన ఎలక్ట్రోడ్ ఏమిటి, గ్రాఫైట్ ఏమిటి, ఎలక్ట్రోలైట్‌లో వినైలీన్ కార్బనేట్ 2 శాతం, ఇథిలీన్ సల్ఫేట్ 1 శాతం వంటి పాళ్లు ఏమిటి, అన్నీ. ఇలాంటి సెల్‌లు కారును 16 లక్షల కిలోమీటర్లు నడపగలవని, విద్యుత్ నిల్వలో రెండు దశాబ్దాలు నిలవగలవని అందులో అంచనా కట్టారు. ఇంత ఆయువుకు చేర్పులు ఒక్కటే కారణం కాదని ఒప్పుకోవాలి. పగుళ్లకు లొంగని ఏకస్ఫటిక రేణువులను ధన ఎలక్ట్రోడ్‌గా వాడటం కూడా అందులో పెద్ద కారణం. నాకు అంతకన్నా విలువైనదిగా అనిపించేది పాళ్లను బయటపెట్టడం. ఈ పరిశ్రమలో చేర్పుల పట్టిక పరమ రహస్యం. ధన ఎలక్ట్రోడ్ పేరు ప్రకటనల్లో కనిపిస్తుంది, చేర్పుల పేర్లు కనబడవు. అలాంటి చోట ఎవరైనా తిరిగి చేసి పోల్చుకోగల ఒక కొలమానాన్ని బహిరంగంగా పెట్టడం అరుదైన ఔదార్యం.

పరిశోధన ఎంత లోతుకు పోగలదో తర్వాత అదే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మరో ఫలితం చూపింది. వాడకుండా పెట్టిన బ్యాటరీ దానంతటదే దిగిపోవడానికి ఒక కారణం సెల్ చుట్టలు విడిపోకుండా అంటించే టేపు అని తేలింది. నీళ్ల సీసాలు చేసే పాలిథిలీన్ టెరెఫ్తలేట్ ప్లాస్టిక్కే ఆ టేపు. పొర సరిగా పట్టని సెల్‌లో ద్రావకం విరిగి పుట్టిన క్షారం ఆ ప్లాస్టిక్‌ను కొరికి, డైమిథైల్ టెరెఫ్తలేట్ అనే అణువును విడుదల చేస్తుంది. అది రెండు ఎలక్ట్రోడ్ల మధ్య తిరుగుతూ ఎలక్ట్రాన్లను మోసి ఛార్జిని దింపేస్తుంది. వినైలీన్ కార్బనేట్ ఉన్న చోట ఆ క్షారమే పుట్టడం తగ్గుతుంది. సరిహద్దు పొరతో ఏ సంబంధమూ లేదనుకునే టేపు కూడా చివరికి దాని దగ్గరికే తీసుకొచ్చింది.

ఘన ఎలక్ట్రోలైట్ వస్తే, మన ఎండలు వస్తే

ద్రవమే లేని ఘన బ్యాటరీలు వస్తున్నాయి కదా, ఇక ఈ విద్య ఎవరికి కావాలన్న ప్రశ్న మిగిలింది. ఘన ఎలక్ట్రోలైట్లలో వాహకత బాగా ఉన్న సల్ఫైడ్ రకాలు లిథియం లోహం పక్కన ద్రవాల కన్నా బలంగా ఏమీ నిలవవు. అవీ విరుగుతాయి, అవీ పొర కడతాయి. ద్రవం కనీసం చిట్లిన సందులోకి పారి మళ్లీ పొర కట్టగలదు, ఘనపదార్థానికి ఆ సౌలభ్యం లేదు. చేర్పు రూపం మారవచ్చు, పలుచటి పూతగా రావచ్చు. పొర ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది. స్కూటర్లలో ఇప్పుడు విస్తరిస్తున్న ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలదీ దాదాపు ఇదే కథ. వాటి ధన ఎలక్ట్రోడ్ తక్కువ వోల్టేజిలో నెమ్మదిగా ఉంటుంది, అవతల ఉన్నది మాత్రం అదే గ్రాఫైట్, దానిమీద అదే పొర.

తెలుగు నేలకు ఈ విషయంతో ఉన్న సంబంధం ఎండ. రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకూ ఇంచుమించు రెట్టింపవుతుందన్నది మోటు లెక్క. రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలిపిన స్కూటరు సీటు కింద అంతకన్నా ఎక్కువే. ఆ వేడికి లవణం మెల్లగా విడిపోతుంది, పొరలోని కొన్ని భాగాలు ద్రవంలోకి కరిగి మళ్లీ కట్టుకుంటాయి, కట్టుకున్నప్పుడల్లా లిథియం ఖర్చవుతుంది. కెనడా, నార్వే బజార్లను కూడా దృష్టిలో పెట్టుకుని రూపొందించే మిశ్రమం మైనస్ 20 డిగ్రీల చలిలోనూ స్టార్టవ్వాలి. దానికోసం పొరను పలుచగా, తక్కువ నిరోధంతో ఉంచుతారు. మన మైదానాల్లో నడిచే ఆటోకు ఆ చలి ఎన్నడూ తగలదు. చలిలో పనితీరును కొంత వదులుకుని, వేడిని తట్టుకునే మందమైన పొరను ఎంచుకోవడం ఇక్కడ తెలివైన బేరం కావచ్చు. తిరుపతిలో లిథియం సెల్‌ల ఫ్యాక్టరీ వచ్చింది, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో మరో పెద్ద ఫ్యాక్టరీకి 2023లో పునాది పడింది. యంత్రాలు, ఎలక్ట్రోడ్ పొడులు కొనుక్కోవచ్చు. ఏ వేడికి ఏ చేర్పు ఎంత పాళ్లన్నది మాత్రం 45, 55 డిగ్రీల గదుల్లో నెలల తరబడి సెల్‌లను తిప్పి, పదివేలలో ఒకటి దాకా కొలిచి ఇక్కడే తేల్చుకోవాలి. ఆ బేరానికి ఒక అడ్డంకి ఇప్పటికే కనిపిస్తోంది. మందమైన పొర వేగమైన ఛార్జింగుకు ఒప్పుకోదు, పావుగంటలో నిండాలని అడిగే డ్రైవరేమో ఎండ నెలల్లోనూ అదే అడుగుతాడు. వేడికి గట్టిగా, అయాన్లకు సులువుగా ఉండే పొరను ఇచ్చే చేర్పుల జోడు కోసం వెతుకులాట ఇప్పుడు అక్కడ ఉంది.